ఫలకవాక్యములు - అపాదానలోపము

మ్యూజియములలో విగ్రహముల క్రిందను, చిత్తరువుల ప్రక్కను నుంచెడి చిన్నపలకలను వాఙ్మయముగా నెంచి విమర్శించుట మన పండితులలో నాచారము కాదు. నాలుగైదు పంక్తుల వ్రాఁత, వ్రాసినవాని పేరు లేదు, ఛందస్సు లేదు, అలంకారము లేదు. చూడవచ్చినవాఁ డొకసారి కన్ను వేసి ముందునకుఁ బోవును. అయినను శాసనములును నిట్టి కుఱుచవ్రాఁతలే కదా! ఇచ్చినవాఁడు, పుచ్చుకొనినవాఁడు, ఇచ్చిన వస్తువు, హద్దులు, శాపవాక్యము, ఇంతియే. వానిని మన మక్షర మక్షరముగాఁ బరీక్షించుచున్నాము. నేఁటి పలకలు రాఁబోవు తరములవారికి శాసనములే యగును. కావున వానియందలి వాక్యనిర్మాణమును వ్యాకరణదృష్టితోఁ బరిశీలించుట యనుచితము కాదని తలఁచి యీ వ్యాసమునకుఁ బూనుకొంటిని.

విశేషించి విశ్వవిద్యాలయముల కనుబంధించిన కళావస్తుశాలలను మనసున నుంచుకొని చెప్పుచున్నాను. రాజధానులలోని పెద్దశాలలకు వినోదార్థము వచ్చువారే మెండు. విశ్వవిద్యాలయములోని శాల మొదటినుండియుఁ బాఠశాల. ఇంగ్లండునందలి ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున 1683లోఁ దెఱవఁబడిన ఆష్మోలియను మ్యూజియ మీజాతిలో మిక్కిలి ప్రాచీనమైనది. మన దేశమునఁ గలకత్తా విశ్వవిద్యాలయమువారు 1937లో ఆశుతోష మ్యూజియమును స్థాపించిరి. రాయ్ కృష్ణదాసు 1920లో నెలకొల్పిన సంస్థయే భారతకళాభవనమై 1950లోఁ గాశీహిందూవిశ్వవిద్యాలయమునఁ జేరెను. ఇట్టిశాలలలోఁ గ్యూరేటరు పేరు బయటికి వచ్చును. సహాయకుని పేరు రాదు. కాని పలకమీఁది వాక్యమును మొదట వ్రాయువాఁడు తఱచుగా నా సహాయకుఁడే.

అతని పని యెట్టిదో పండితులలోఁ జాలమంది యెఱుఁగరు; నేనును నిటీవలివఱకు నెఱుఁగను. వస్తువు శాలలోనికి రాఁగానే దానిని రిజిస్టరులో నెక్కింపవలెను. కొలతలు తీయవలెను. పగులు, చిలుము, ప్రాఁత మరమ్మతు, ఏది కనఁబడిన నది స్థితిపత్రమున వ్రాయవలెను. ఏ బీరువాలో నే యఱలో నుంచినదియు గుర్తుంచవలెను. అఱ మార్చిన గుర్తు మార్చవలెను. విద్యార్థులు చూడఁగోరినపుడు తెచ్చి చూపి మఱల యథాస్థానమునఁ జేర్పవలెను. కాగితముమీఁది నీటిరంగుల చిత్తరువులకు సుమారు 50 లక్సులకు మించిన వెలుతురు తగులకుండఁ గాచుకొనవలెను. వీనియందుఁ బెక్కు సేవకవృత్తివలెఁ దోఁచునవి. కాని యొక్క పనినిఁ జూచినప్పుడు నాకుఁ బాణినీయమే కనులఁ గట్టినది. అది వస్తువునకు సంఖ్య వేయుట.

వస్తువుమీఁద నేరుగా సిరాతో వ్రాయరాదఁట. కంటఁబడని తావున, విగ్రహమైనచోఁ బీఠము నడుగున, పలుచని పారదర్శకపుఁ బూఁత పూసి, యది యాఱినపిమ్మట దానిపై సంఖ్యను వ్రాసి, పైని మఱియొక పూఁత పూయుదురు. తగిన ద్రావకముతోఁ దుడిచినచో నదంతయు నూడివచ్చును. వస్తువునకు హాని లేదు. పాణిని ధాతువులకుఁ దగిలించిన యనుబంధములును నిట్టివే. డుకృఞ్ అను నుపదేశమున డు, ఞ్ అనునవి గుర్తులు. వానివలనఁ గలుగవలసిన కార్యము కలుగును. ప్రయోగమున వాని జాడ యుండదు. మిగులునది కృ మాత్రమే. గుర్తు గుర్తుగా నుండవలెనే కాని వస్తువును దినివేయరాదను నియమ మిరుతావుల నొక్కటియే. ఈ సంఖ్యలో సాధారణముగా వస్తువు శాలఁ జేరిన సంవత్సరమును, నా యేఁటి వరుసయు నుండును. శాలకు సంబంధించినంతవఱకు నా సంవత్సరము వస్తువుయొక్క పుట్టుక. వస్తువునకు మాత్ర మదొక ప్రయాణముయొక్క చివర. ఈ భేదమును మఱచుటవలననే యిఁకఁ జెప్పఁబోవు దోషము పుట్టుచున్నది.

పలకలలో సాధారణముగాఁ గనఁబడు నంశములు వస్తువుపేరు, శిల్పి తెలిసినచో నతనిపేరు, దేశము, శతాబ్దము, ద్రవ్యము. అన్నిటికిఁ గడపట చిన్నయక్షరములలో ఫలానావారి సంచయములోనిదనియో, ఫలానావారి కానుక యనియో యొకమాట. వీనిని గారకములుగా విడఁదీసి చూతము. శిల్పి కర్త. విగ్రహము కర్మ. కంచుతోఁ జేసినదందుము గనుక మన వాడుకలోఁ గంచు కరణముగా భాసించును. శాల యధికరణము. ఎవ్వరైన దానము చేసినచో శాలయే సంప్రదానము. అపాదాన మేది? దక్షిణభారత మని యున్నది కదా యందురేమో! నీ వే యూరినుండి వచ్చితివని యడిగినవానికి జంబూద్వీపము, భరతవర్షము, భరతఖండము నని సంకల్పము చెప్పినట్లున్నది.

ఇఁక సంచయపుమాట. అది సంబంధషష్ఠి. సంస్కృతవైయాకరణులు సంబంధమును గారకములలోఁ జేర్పలేదు. రాజుయొక్క భటుఁడు వచ్చుచున్నాఁడన్నప్పుడు వచ్చుటయను క్రియతో నన్వయించువాఁడు భటుఁడే కాని రాజు కాఁడు. వస్తువెవనిదో చెప్పినంతమాత్రమున నది యెట్లు వచ్చెనో తెలియదు. క్రియతో సంబంధము లేని మాటను వాక్యమున కెల్ల నాధారముగాఁ జేసికొనుట ఫలకవాఙ్మయమందలి పెద్దదోషమని నా యభిప్రాయము.

ఈ షష్ఠి యెంత బలమైనదో తెలుఁగువారి కొక యుదాహరణము చాలును. కృష్ణాతీరపు అమరావతీస్తూపమును 1845లో వాల్టరు ఎలియటు త్రవ్వించెను. ఆ చలువఱాళ్లు మొదట మదరాసునకుఁ జేరెను. పిమ్మట 1859లో వానిలోఁ బెక్కు లండనునకు నోడ నెక్కెను. 1880లో బ్రిటిషు మ్యూజియమునఁ జేరెను. అంతలో వానికిఁ బేరు మాఱిపోయెను. వానిని 'ఎలియట్ మార్బుల్స్' అనిరి. ఎలియటు వానిని జెక్కలేదు, చెక్కింపలేదు, పూజింపలేదు, త్రవ్వించెను. అంతమాత్రమునకే ఱాళ్లాయనవయ్యెను; అమరావతి యనుమాట తెరవెనుకకుఁ బోయెను. తరువాతివారు మఱల నమరావతీశిల్పములనియే వ్యవహరించుచుండుట సంతోషకరము. అయినను షష్ఠి యొకతూరి పంచమి నెట్లు మ్రింగఁగలదో యిందుఁ గనఁబడుచున్నది.

అపాదానమును గూర్చి పాణిని చెప్పిన లక్షణము మిక్కిలి సూక్ష్మమైనది. ఒకటి యొకదానినుండి విడివడిపోవునపు డే వస్తువు కదలక నిలిచినదిగా నెంచఁబడునో యది యపాదానము. కారకములన్నిటిలో నాతఁడు మొట్టమొదటఁ జెప్పినది దీనినే. మొదటఁ జెప్పినాఁడు గనుకఁ బ్రధానమైనదని పొరపడరాదు. ఆ ప్రకరణమున రెండు సంజ్ఞలకు విరోధము వచ్చినపుడు తరువాతిది గెలుచును. కావున మొదటిదైన యపాదాన మన్నిటికంటె దుర్బలము. తక్కినవన్నియు దానిని బాధించును. శాస్త్రమునఁ గల యీ దౌర్బల్యమే మ్యూజియములయందును సంభవించినది! శిల్పి పేరు తెలిసినచో దానికి గౌరవము. దాత పేరునకు నంతకంటె గౌరవము. వచ్చినచోటి పేరునకుఁ దావు చాలదు.

వేఱొక సూక్ష్మ మున్నది. పరుగెత్తు గుఱ్ఱమునుండి పడెననునపుడు గుఱ్ఱము నిలిచియున్నది కాదు. అయినను బడుటకు సంబంధించినంతవఱ కదియే ధ్రువము. కావున నపాదానత్వ మాయాక్రియకు సాపేక్షము. రిజిస్టరులలో 'వేలమువలనఁ గొనినది' అను పంచమి యుండును. లేదని నే ననను. కాని యది పరుగెత్తు గుఱ్ఱముయొక్క పంచమి. వేలమువారికి వస్తు వెచ్చటినుండి వచ్చెను? అమ్మినవాని కెచ్చటినుండి వచ్చెను? ఒక్కొక్క చేయి యొక్కొక్క గుఱ్ఱము. నిజముగాఁ గదలక నిలిచిన గుడి, దిబ్బ, యిల్లు వీనియెల్ల వెనుక నున్నది. దానిపే రడుగుట సహాయకుని ధర్మము.

ఇది వట్టి శబ్దచర్చ కాదు. ఆష్మోలియను మ్యూజియమువారు 1967లో లండనునందలి సోథబీ వేలమున నొక కంచువిగ్రహమును గొనిరి. అది తిరుమంగై యాళ్వారు మూర్తి, పదియాఱవ శతాబ్దమునాఁటిది. తెలుఁగువైష్ణవుల కీ యాళ్వారు పరాయివాఁడు కాఁడు. అహోబిలనృసింహునిఁ గీర్తించిన యాళ్వా రాయన యొక్కఁడే. కత్తియు డాలును ధరించిన రూపము గనుక నెవ్వరి మూర్తియో గుర్తించుటయందుఁ జిక్కు లేదు. నామము సరి, ద్రవ్యము సరి, శతాబ్దము సరి. పంచమి మాత్రము వేలముదగ్గఱ నాగిపోయెను. ఏఁబదియేండ్లకుఁ బైగా నట్లే యుండెను. 2019లోఁ బరిశోధకులొకరు పుదుచ్చేరియందలి ఫ్రెంచివిద్యాసంస్థల ఛాయాచిత్రభాండారములో 1957లోఁ దీసిన యొక చిత్రమును గనుఁగొనిరి. కుంభకోణమునకు సమీపమున సౌందరరాజపెరుమాళ్ల కోవెలలో నా మూర్తియే యందున్నది. ఆ సంగతి తెలియఁగానే మ్యూజియమువారు తామే 2019 డిసెంబరులో భారతీయ రాయబారికార్యాలయమునకుఁ దెలియఁజేసిరి. 2024లో విశ్వవిద్యాలయసభ విగ్రహమును దిరిగి యిచ్చుట కంగీకరించెను. పదేండ్ల యెడములో రెండు గుర్తులు: 1957లోఁ గోవెలలోని చిత్రము, 1967లో రిజిస్టరులోని పంక్తి. వానినడుమ నొక్క పంచమి కొఱవడెను.

ఈ కథయం దొక వైచిత్ర్య మున్నది, చెప్పకుండ నుండలేను. గురుపరంపరాకథలయందుఁ దిరుమంగై యాళ్వారు నాగపట్టణపు బంగారుబుద్ధవిగ్రహమును దొంగిలించి తెచ్చి శ్రీరంగమునఁ బ్రాకారములు కట్టించెనని చెప్పుదురు. విగ్రహమును హరించిన భక్తుని విగ్రహమే దేశాంతరము పట్టినది! కథలోని యాళ్వారు మాత్రము తన యపాదానమును దాఁచలేదు. ఎచ్చటినుండి తెచ్చెనో కథ చెప్పుచునే యున్నది.

మన ప్రకాశముజిల్లా చందవరమునందలి బౌద్ధశిల్ప మొకటి యిట్లే ఆస్ట్రేలియా జాతీయచిత్రశాలఁ జేరెను. 2005లోఁ గొనినదానిని వారు 2016లో మనదేశమునకుఁ దిరిగి యిచ్చిరి. అది విశ్వవిద్యాలయశాల కాదు గనుక విస్తరింపను.

ఇట నొక పూర్వపక్షము. పలకలో నక్షరములకుఁ దావు కొలఁది. చూడవచ్చినవాఁడు నిలువఁబడి చదువువాఁడు. అర్ధమాత్ర తగ్గినఁ బుత్రుఁడు పుట్టినంత సంతోషించు వైయాకరణులే లాఘవమును నిందింపవచ్చునా? చెప్పనిదాని నధ్యాహారము చేసికొనరాదా? దీనికి సమాధానము. అధ్యాహారము వినువానికిఁ దెలిసినదానియందే చెల్లును. 'తలుపు' అనఁగానే 'మూయుము' అని యూహింతుము. ఏలయనఁ దలుపును జూచుచున్నాము, గాలియు వీచుచున్నది. కాని యొక విగ్రహమును జూచినవాఁడు దాని కోవెలపే రెట్లూహించును? తెలియనిదానిని విడుచుట లాఘవము కాదు, లోపము. తెలియనిచోఁ దెలియదనియే పలకమీఁద వ్రాయవలెను. '1967కుఁ బూర్వ మెచ్చట నుండెనో తెలియదు' అను నొక్క చిన్నవాక్యమున కెంత తావు పట్టును? ఆ వాక్యమును జదివినవాఁ డొకఁడైనను వెదకఁబోవును. షష్ఠిని జదివినవాఁడు దాత నభినందించి యింటికిఁ బోవును.

రెండవ పూర్వపక్షము. ఇది పాలకుల పని. మొన్న వచ్చిన సహాయకున కింత భార మేల? దీనికిఁ జరిత్రమే బదులు చెప్పుచున్నది.

1660లోఁ బుట్టిన ఎడ్వర్డు లూయిడు వేల్సుదేశపువాఁడు. ఆక్సుఫర్డులోఁ జదివియుఁ బట్టము పుచ్చుకొనకయే, ఆష్మోలియను ప్రథమపాలకుఁడైన రాబర్టు ప్లాటునకు సహాయకుఁడుగాఁ గుదిరెను. సహాయకుఁడుగా నున్ననాళ్లలోనే శాలలోని వస్తువులకు లాటినుభాషలోఁ బట్టికలు వ్రాయఁదొడఁగెను. 1691లోఁ దానే పాలకుఁడయ్యెను. జీతము స్వల్పము. 1699లో నాతఁడు ప్రకటించిన శిలీభూతజీవపట్టిక 120 ప్రతులు మాత్రమే యచ్చుపడెను; అందులకుఁ జందా వేసినవారిలో న్యూటను కూడఁ గలఁడు. ఆ పట్టికలో నే శిల యే గని నుండి, యే యొడ్డు నుండి వచ్చెనో చెప్పుట కాతఁడు పడిన శ్రద్ధ గమనింపఁదగినది. 1696లో వేల్సునందలి ప్రతి పల్లెకును బ్రశ్నపత్రములను బంపెను. వానిని నాలుగువేల ప్రతు లచ్చొత్తించెను. ఊరి కాపేరెట్లు వచ్చినది? అచ్చటఁ బ్రాఁతఱాళ్లున్నవా? జను లే మాటను దేనికి వాడుదురు? అని యిట్టి ప్రశ్నలు. పిమ్మట 1697 మొదలు 1701 వఱకు వేల్సు, స్కాట్లండు, ఐర్లండు, కార్నువాలు, బ్రిటనీ దేశములఁ దిరిగెను.

ఆ తిరుగుడునకు ఫలము 1707లో వెలువడిన భాషాగ్రంథము. వేల్సు, కార్నిషు, బ్రెటను, ఐరిషు భాషలు సగోత్రములని నిరూపించిన ప్రథమగ్రంథములలో నది యగ్రగణ్యము. ఒక భాషలోని యక్షర మింకొకభాషలో నే యక్షరముగా నియతముగా మాఱుచున్నదో యాతఁడు పట్టికలు కట్టి చూపెను. మ్యూజియములోని సహాయకుఁడు వైయాకరణుఁ డగుట యాకస్మికమని కొందఱందురు; నా కట్లు తోఁపదు. శిలను జూచి యేయూరిదని యడిగిన మనస్సే పదమును జూచి యేయూరిదని యడిగినది. రెంటను బ్రశ్న పంచమియే. ఆతఁడు శాలలోనే, చెమ్మ పట్టిన యొక గదిలోఁ బడుకొనుచు, ఉబ్బసము ముదిరి 1709లో మరణించెను. శాలను దెఱచిననాఁడే చిత్రాలంకృతమైన దాతల పుస్తక మొకటి మొదలుపెట్టిరి. అందు షష్ఠు లెన్నియో యున్నవి. ఆ పుస్తకముకంటె నీ సహాయకుని ప్రశ్నపత్రములే యెక్కువ విలువగలవని నేను మొగమోటము లేక చెప్పుదును.

మనవారిలోను నిట్టివారున్నారు. కర్నలు మెకంజీ సంచయమని లోకము పిలుచుచున్నది, అదియు షష్ఠియే. ఊరూరఁ దిరిగి కరణములను, నర్చకులను నడిగి కైఫీయతులు వ్రాయించినవారు కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి మొదలగు సహాయకులు. గ్రామము పేరు లేని కైఫీయతు లేదు. ఆ యొక్క కారణముననే యవి నేఁటికిని మనకు బ్రాణాధారములుగా నున్నవి.

ప్రాఁతపేళ్లను గూర్చియు నొకమాట. ఆష్మోలియనులో వర్జీనియాదేశపు జింకతోళ్లను గలిపి కుట్టి, సన్ననిగవ్వలతో మనుష్యరూపమును, నిరుప్రక్కల రెండు మృగములను నమర్చిన గొప్పవస్తు వున్నది. ట్రేడెస్కాంటుల సంచయమునుండి వచ్చినది. 1638లోఁ జూచిన జర్మనుయాత్రికుఁ డొకఁడు దానిని వర్జీనియారాజు నంగవస్త్రమనెను. 1656నాఁటి ముద్రితపట్టికయుఁ బౌహటను రాజు దుస్తులనియే చెప్పెను. నేఁటికిని బౌహటను ప్రావారమనియే ప్రసిద్ధి. కాని యది నిజముగా నెవ్వరైన ధరించినదియో, తెరగా వ్రేలఁగట్టినదియో నిశ్చయింపఁజాలక పండితులు సంశయించుచున్నారు. ఇచటఁ బేరు రూఢమైపోయినది, యోగార్థము పోయినది. రూఢిని దొలఁగించుట సాధ్యము కాదు, కూడదు కూడ. ప్రాఁతగ్రంథములలో వెదకువాని కాపేరే దారి. దాని ప్రక్క 'అనఁబడునది' యని చేర్చుటయు, 1638 మొదలు ఎవ్వరెవ్వ రేమేమి పిలిచిరో చెప్పుటయు సహాయకుని కృత్యము. పాఠాంతరములను బరిష్కర్త యడుగున నిచ్చును గాని చెఱిపివేయఁడు.

ఇన్ని చెప్పిన నేను దప్పు చేయకుండలేదు. ఈ వ్యాసమునకు మూలము నా తప్పే.

నా శిష్యుఁ డొకఁడు మనదేశములో నొక విశ్వవిద్యాలయపు మ్యూజియమున సహాయకుఁడుగా నున్నాఁడు. అచ్చటి కంచుగంట యంచున రెండు పంక్తుల తెలుఁగక్షరము లున్నవి. వాని నచ్చుకాగితముపైఁ దీసి నాకుఁ బంపెను. మొదటిపంక్తిలో 'పాటి' అని ముగియు నొక పదము, పిమ్మట 'గోపాలస్వామి', పిమ్మట కొంచె మఱిగిపోయిన తావు, పిమ్మట 'యిచ్చిన గంట' యని యున్నది. రెండవపంక్తిలో నొక పురుషుని పేరు మాత్రమున్నది. నేను సందేహింపక చదివి పంపితిని: మొదటిది దాత యింటిపేరు, గోపాలస్వామి దాత, రెండవపంక్తిలోనివాఁడు గంట పోసిన కంచరి. ఆ పాఠము ప్రకారమే పలక యచ్చయ్యెను. నా పేరుకూడ నందు వేసిరి.

ఆఱునెలలకు శిష్యుఁడు సెలవులలో మాయింటికి వచ్చెను. కాగితమును నాముందఱఁ బఱచి, "అయ్యవారూ, యిది యింటిపేరా, ఊరిపేరా?" అని యడిగెను. నేను మాటాడలేకపోయితిని. 'పాడు' అంతమందుఁ గల యూరిపేరునకు ఔపవిభక్తికము వచ్చిన 'పాటి' యగును. ఆ రూపమే మన యిండ్లపేళ్లలోఁ బెక్కింట నున్నది. ఆ రూపమే యూరి దేవుని పేరునకు ముందును నిలుచును. పిల్లలకు ముప్పదియేండ్లు ఔపవిభక్తికములు చెప్పినవాఁడను! పిమ్మట నాతఁడు వంగి యఱిగిన తావును జూపి, "ఇక్కడ నొక యక్షరమునకుఁ జాలినంత చోటున్నదండి. తక్కినచోట్ల నక్షరముల నడుమ నింత యెడము లేదు" అనెను. కొలబద్దతోఁ గొలిచియుంచినాఁడు.

ఆ తావున 'కి' యుండినయెడల వాక్యమంతయుఁ దలక్రిందగును. గోపాలస్వామి దాత కాఁడు, దేవుఁడు. కర్త యనుకొనినది సంప్రదానమైనది. కంచరి యనుకొనినవాఁడు దాత యగును. ఇంటిపే రనుకొనినది గంట యుండవలసిన యూరు. తెలుఁగున సంప్రదానమునకు 'కి'వర్ణకముతోడి షష్ఠి వచ్చునని బాలవ్యాకరణము చదివినవా రెఱుఁగుదురు. అది సంబంధషష్ఠి కాదు. ఒక్క యక్షర మఱిగిపోవుటచే దేవుని సొత్తు మనుష్యుని కానుకగా మాఱినది. అఱిగినచోటు నేను జూడకపోలేదు. చూచియుఁ బూరింపఁ బనిలేదనుకొంటిని.

'కి' యుండెనని యిప్పుడును నేను బ్రమాణము చేయఁజాలను. అక్షరము లేదు, తావు మాత్ర మున్నది. రిజిస్టరులో 'కొనుగోలు' అని యొక్కమాటయు, వెలయు నున్నవి; అమ్మినవాని పే రుండవలసిన గడి ఖాళీ. శిష్యుఁడు మొదటిపలకను దీసివేయించి, రెండు పాఠములను నిచ్చి, యెచ్చటినుండి వచ్చినదో తెలియదని స్పష్టముగాఁ జెప్పుచుఁ గ్రొత్తపలక వ్రాసెను. నా పేరు తీసివేయుమంటిని. "మొదటిపాఠము మీదని యుండవలెను గదా, అయ్యవారూ" యని వినలేదు.

ఆ పేరుగల యూళ్లు రెండు జిల్లాలలో రెండున్నవి. వానిపేళ్లు విచారణ తీఱువఱకు నిచ్చట వ్రాయను. రెండిఁటి దేవాలయములవారికిని గంట ఛాయాచిత్రముతో జాబులు వ్రాసినాఁడు. మొదటి యూరి యర్చకులు తమ గంట తమ గుడిలోనే మ్రోగుచున్నదని జవాబిచ్చిరి. రెండవ యూరినుండి యింకను జవాబు రాలేదు.